తీర్పు తర్వాత బాధితులకు దక్కేదేమిటి?

శిక్ష ఖరారు చేసి న్యాయమూర్తి లేచాక దోషిని ఏ జైలుకు తరలించాలో, ఏ వారంటు మీద ఎవరు సంతకం చేయాలో కోర్టు సిబ్బందికి తెలుసు. వెనక బెంచీ మీద కూర్చున్న బాధితురాలు ఇకపై ఎవరిని ఏమని అడగాలో మాత్రం చాలాకాలం పాటు చట్టాలు పట్టించుకోలేదు.

మొదటినుంచీ పరిస్థితి ఇలా లేదు. ఇంగ్లండ్‌లోని కెంట్ రాజు ఎథెల్బెర్ట్ పేరిట సుమారు 600 ప్రాంతంలో వెలువడిన శాసనం బొటనవేలు తెగిపోతే 20 షిల్లింగులు, దాని గోరు ఊడితే 3 షిల్లింగులు అంటూ గాయం గాయానికీ లెక్క కట్టింది. నేరమంటే రాజు నెలకొల్పిన శాంతికి భంగం కలిగించడమే అన్న భావన బలపడిన కొద్దీ జరిమానా ఖజానాకు మళ్లింది, దెబ్బ తిన్న మనిషి సాక్షిగా మిగిలాడు. వాంగ్మూలం ముగిశాక సాక్షితో ఎవరికి పని?

మార్పు డబ్బు దగ్గరే మొదలైంది. జైళ్ల సంస్కరణకు కృషి చేసిన మార్జరీ ఫ్రై, హింసకు గురైనవారికి ప్రభుత్వమే పరిహారం ఇవ్వాలని 1950లలో బ్రిటన్‌లో వాదించారు. న్యూజిలాండ్ 1963లో అందుకు చట్టం చేయగా, బ్రిటన్ 1964లో పథకం తెచ్చింది. దోషి చెల్లించలేనప్పుడు ప్రభుత్వం ఆదుకునే ప్రయత్నం చేయాలని ఐక్యరాజ్య సమితి సాధారణ సభ 1985 నవంబరు 29న ప్రకటించింది. అయితే పరిహారం ఇమ్మని తీర్పులో రాయడం వేరు, అది చేతికందడం వేరు. జైల్లో ఉన్నవాడి దగ్గర వసూలయ్యేది తరచుగా స్వల్పమే. నెదర్లాండ్స్ 2011 నుంచి హింసాత్మక, లైంగిక నేరాల్లో తీర్పు అంతిమమైన 8 నెలల్లోగా దోషి చెల్లించకపోతే మిగిలిన సొమ్మును తానే ముందుగా ఇచ్చి, ఆపై అతని నుంచి రాబట్టుకుంటోంది. ఈ సమస్యకు నాకు కనిపించినంతలో ఇదే సూటి పరిష్కారం.

అప్పీలు సంగతికి వస్తే, నిందితుడు విడుదలైనా, తక్కువ నేరానికే శిక్ష పడినా, పరిహారం చాలకపోయినా బాధితులే పైకోర్టుకు వెళ్లవచ్చునని భారతదేశంలో 2009 డిసెంబరు 31న అమల్లోకి వచ్చిన సవరణ చెప్పింది. శిక్షాకాలం చాలదన్న ఒక్క కారణంతో మాత్రం ఆ నిబంధన కింద అప్పీలు కుదరదు.

వీటన్నిటికన్నా తక్కువ ఖర్చుతో అయ్యేది, ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది సమాచారం. 1993లో అమెరికాలోని లూయీవిల్ నగరంలో తనపై దాడి చేసినవాడు బెయిలు మీద బయటికొచ్చిన సంగతి తెలియని ఒక యువతి అతని చేతిలోనే హతమైంది. ఆ మరుసటి ఏడాది అక్కడ, ఖైదీ విడుదలైతే బాధితులకు దానంతటదే ఫోన్ వెళ్లే ఏర్పాటు మొదలైంది. ఐరోపా సమాఖ్య 2012 నాటి ఆదేశం, దోషి విడుదలైనా తప్పించుకున్నా ఆ సంగతి తెలుసుకునే హక్కును బాధితులకు ఇచ్చింది, అదీ వారు కోరితేనే. కోరవచ్చునని తీర్పు రోజున ఎవరూ చెప్పకపోతే ఆ హక్కు కాగితం దాటదు. కోరినా, భయంతో ఇల్లు మారినవారు కొత్త చిరునామా తెలపకపోతే విడుదల కబురు పాత ఇంటికే వెళ్తుంది.