నిజాం కాలపు కుక్కల నుంచి హబ్సిగూడ కణాల దాకా: రక్షణ పరిశోధనలో జంతుప్రయోగాల నేపథ్యం

హైదరాబాద్‌లో రక్షణ పరిశోధన అనగానే కంచన్‌బాగ్, క్షిపణులు గుర్తుకొస్తాయి. క్షిపణి తయారీకి జంతువుతో పనిలేదు. విషవాయువుకు విరుగుడు, రేడియేషన్ నుంచి కాపాడే మందు వెతికేటప్పుడు మాత్రం ఏదో ఒక ప్రాణి మీద పరీక్షించి చూడటం ఆనవాయితీగా వచ్చింది. దేశ రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవోలో ఆ తరహా పరిశోధన ప్రధానంగా రసాయన, జీవ ఆయుధాల నుంచి రక్షణ చూసే గ్వాలియర్‌లోని డీఆర్‌డీఈ, రేడియేషన్ వైద్యం చూసే ఢిల్లీలోని ఇన్మాస్ వంటి సంస్థల్లో జరుగుతుంది. అయినా ఈ కథ మొదలుపెట్టడానికి మన నగరమే సరైన చోటు.

1888లో బ్రిటిష్ రెసిడెన్సీ వైద్యుడు ఎడ్వర్డ్ లారీ, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అండతో, క్లోరోఫాం మత్తులో రోగులు ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి ఒక కమిషన్ ఏర్పాటు చేయించాడు. లారీ ఇండియన్ మెడికల్ సర్వీస్‌కు, అంటే సైనిక హోదాలుండే వైద్య విభాగానికి చెందినవాడు. మొదటి కమిషన్ 141 కుక్కలకు క్లోరోఫాం పట్టి చూసి, ఎప్పుడైనా ముందు ఊపిరే ఆగుతుందని, గుండె ఆ తరువాతే ఆగుతుందని తేల్చింది. లండన్ వైద్యులు ఒప్పుకోకపోవడంతో నిజాం ఖర్చు భరించి 1889లో లండన్ వైద్యుడు లాడర్ బ్రంటన్‌ను రప్పించాడు. రెండో కమిషన్ నాలుగు వందలకు పైగా జంతువులను వాడి అదే మాట చెప్పింది. ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు, గుండె గురించి బెంగ అక్కర్లేదన్నది దాని సారాంశం. అది తప్పు. తేలికపాటి క్లోరోఫాం మత్తులో గుండె ఉన్నట్టుండి లయ తప్పి ఆగిపోగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించాడు. ఆయన కూడా ఆ సంగతి పిల్లుల మీద ప్రయోగాలతోనే కనుక్కున్నాడని చెప్పకపోతే న్యాయం కాదు. జంతువు ఎప్పుడూ అబద్ధమే చెబుతుందని నేననను. ఏ జంతువు, ఏ ప్రశ్నకు, ఏ మేరకు మనిషికి బదులుగా నిలబడగలదో ముందే తేల్చుకోకపోతే సంఖ్య ఎంత పెంచినా లాభం లేదని మాత్రం మన ఊరి కమిషన్ చూపించింది.

నరాల పనిని దెబ్బతీసే నాడీ విషాల విషయంలోనూ ఇదే చిక్కు ఎదురైంది. 1936లో జర్మనీలో గెర్హార్డ్ ష్రేడర్ పురుగుమందుల కోసం వెతుకుతుండగా టాబున్ అనే నాడీ విషం బయటపడింది. పొలంలో కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ మందులు, యుద్ధంలో వాడే ఈ విషాలు ఒకే కుటుంబానివి. పురుగుమందు తాగిన రైతును మన ఆసుపత్రులకు తెచ్చినప్పుడు ఇచ్చే అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్‌లే సైనికుడికీ విరుగుడు. కొత్త విరుగుడు పనిచేస్తుందో లేదో చూడటానికి మనిషికి విషం ఎక్కించలేరు కనుక, జంతువుల్లో దొరికిన రుజువుతోనే ఇలాంటి మందులను ఆమోదించే నిబంధనను అమెరికా 2002లో తెచ్చింది. సోమన్ అనే విషం నుంచి ముందస్తు రక్షణకు పిరిడోస్టిగ్మిన్‌ను 2003లో అలాగే ఆమోదించింది. అయితే ఎలుక రక్తంలో కార్బాక్సిలెస్టరేజ్ అనే ఎంజైమ్ సమృద్ధిగా ఉండి సోమన్‌ను చాలావరకు పీల్చేసుకుంటుంది. మనిషి ప్లాస్మాలో ఆ రక్షణ లేదు. అందుకే ఎలుక తట్టుకున్న మోతాదును బట్టి సైనికుడి సంగతి చెప్పలేక గినీ పందుల వైపు, కోతుల వైపు వెళ్లారు.

రుక్మిణీదేవి అరుండేల్ పట్టుదల వెనుక ఉన్న 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, ప్రాణం కాపాడే లేదా బాధ తగ్గించే జ్ఞానం కోసం చేసే ప్రయోగాలను అనుమతించింది; వీలైనచోటల్లా వాటిని మానుకోవాలని కూడా చెప్పింది. 1998 నిబంధనలతో పర్యవేక్షణ బిగిసింది. ప్రయోగశాలల్లోని నైతిక సంఘాల్లో బయటి సభ్యులకు చోటు దొరికింది. నా దృష్టిలో ఆ చట్టంలో అసలు బరువున్న మాట ‘వీలైనచోటల్లా’. ఎందుకంటే వీలు ఏటేటా పెరుగుతోంది.

శాస్త్రవేత్త ఎల్మన్ 1961లో ప్రకటించిన పరీక్షనే చూడండి. నాడీ విషాలు పనిచేయనివ్వకుండా చేసే ఎంజైమ్ ఎసిటైల్‌కోలినెస్టరేజ్. మనిషి ఎర్ర రక్తకణాల్లోని ఆ ఎంజైమ్‌ను పరీక్షనాళికలో తీసుకుని, అది విడగొట్టే పదార్థాన్నీ, రంగు చూపే రసాయనాన్నీ కలిపితే, ఎంజైమ్ పనిచేస్తున్నంతసేపూ ద్రవం పసుపెక్కుతూ పోతుంది. నాడీ విషం తగిలితే పసుపు ఆగిపోతుంది. విరుగుడు కలిపాక, అది నిజంగా పనిచేసేదైతే, పసుపు మళ్లీ మొదలవుతుంది. మూర్ఛ, ఊపిరి ఆగడం వంటి ఒళ్లంతటి సంగతులు ఈ నాళిక చెప్పలేదు. కానీ పనికిరాని మందులను ఏ ప్రాణినీ ముట్టకుండానే పక్కన పెట్టగలదు.

హబ్సిగూడలోని కణజీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన, అంకుర సంస్థలను పెంచే ఇంక్యుబేటర్‌లో మనిషి కణాల నమూనాలకోసమే ఒక కేంద్రం ఏర్పడింది. 2023లో కేంద్ర ప్రభుత్వం కొత్త మందుల నిబంధనలను సవరించి, కణజాల నమూనాలు, ఆర్గాన్ చిప్‌ల (అవయవం పనిని అనుకరించే, కణాలున్న చిన్న పరికరాల) ఫలితాలకు తోవ తెరిచింది. అంతకుముందే, 2020 ఏప్రిల్‌లో, ఇన్మాస్ శాస్త్రవేత్తలు 2-డీజీ అనే మందు కరోనా వైరస్‌ను అడ్డుకుంటుందా అని సీసీఎంబీ సాయంతో ప్రయోగశాలలో చూశారు. క్యాన్సర్ రోగుల్లో అప్పటికే పరీక్షించిన మందు కావడంతో, ఆ ఫలితాల ఆధారంగా మే నెలలోనే రోగులపై పరీక్షలకు అనుమతి వచ్చింది. ఆ మందు ఎంత మేలు చేసిందన్నదానిపై వైద్యుల్లో వాదాలున్నాయి. అయినా ఢిల్లీ రక్షణ ప్రయోగశాల, హబ్సిగూడ కణశాల కొన్ని వారాల్లో కలిసి పనిచేయగలిగాయి. నాడీ విషాల విరుగుళ్లకూ ఇదే దారి పట్టి, గ్వాలియర్‌లో ఎలుక పంజరం తెరవకముందే ఇక్కడి మానవ కణాల్లో మొదటి వడపోత జరిపించడానికి అవసరమైన మనుషులు, పరికరాలు ఈ నగరంలో ఉన్నాయి.