తమిళ సినిమా, తెలుగు మాటలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను తమిళ సినిమాలకు తెలుగు డబ్బింగ్ మాటలు రాస్తాను. ఈ మధ్య తమిళ సినిమాల గురించి మనవాళ్ళు అనే మాటల్లో కొన్నింటికి జవాబు చెప్పాలనిపించింది. ఆ సినిమాలు తెలుగులోకి వచ్చేసరికి ఏం మిగులుతోందో, ఏం పోతోందో రోజూ దగ్గర్నుంచి చూసేది మేమే కదా.

అపోహ: తమిళ సినిమా పనైపోయింది. ఇప్పుడన్నీ కత్తులు, డ్రగ్స్, చెవులు పగిలే బీజీఎం.

వాస్తవం: ఇలా అనేవాళ్ళు పెద్ద హీరోల సినిమాలు మాత్రమే చూస్తున్నారు. 'భారతీయుడు 2', 'కంగువ' నిరాశపరిచిన మాట నిజమే. కానీ అదే 2024లో విజయ్ సేతుపతి 'మహారాజ' వచ్చింది. రబ్బరు బంతి క్రికెట్‌ ఆడే ఇద్దరి పంతం మీద 'లబ్బర్ పందు' వచ్చింది. అరటి గెలలు మోయలేక అల్లాడే ఓ బడి పిల్లవాడి కథ చెబుతూ మారి సెల్వరాజ్ 'వాళై' తీశారు, అది ఆయన సొంత బాల్యం. 2025 మే నెలలో శ్రీలంక నుంచి పడవలో వచ్చిన ఓ కుటుంబం కథ 'టూరిస్ట్ ఫ్యామిలీ' వచ్చింది, దర్శకుడు అభిషన్ జీవింత్‌కు అదే మొదటి సినిమా. వీటన్నిటికీ ఒక ఊరు ఉంది. ఆ ఊరి పొలం, ఆ ఊరి మాట, ఆ ఊరి గొడవ తీసేస్తే కథే నిలబడదు. ఈమధ్య తమిళంలో నాకు బాగా నచ్చుతున్నది ఇదే, తెలుగులోకి తేవడం కష్టమైందీ ఇదే.

అపోహ: డబ్బింగ్ మాటలు రాయడమంటే అనువాదమే. రెండు భాషలూ వస్తే చాలు.

వాస్తవం: రెండు భాషలూ రావడం అవసరమే, కానీ పని అక్కడితో మొదలవుతుంది. క్లోజప్‌లో ఓ అమ్మాయి 'వేండామ్' అంటుంది, అంటే వద్దు. మాట చివర పెదాలు మూసుకుంటాయి. మన 'వద్దు' దగ్గర పెదాలు కలవవు. తమిళంలో 'మ్'తో ముగిసే మాటలు ఎక్కువ, మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, కాబట్టి ఈ తిప్పలు ప్రతి సీన్‌లోనూ ఉంటాయి. 'వదిలేద్దాం' అని రాస్తే మొదట 'వ', చివర సున్న, లిప్ (పెదాల కదలికకు మాట సరిపోవడం) చక్కగా కుదురుతుంది. కానీ తెగేసి చెప్పిన పిల్ల మెత్తబడిపోయింది! ఆ సీన్‌కు ఆమె మొండితనమే ప్రాణమైతే నేను లిప్‌ని వదులుకుని 'వద్దు' అనే రాస్తాను. అదే మనిషి వీపు కనిపిస్తుంటే, లేదా లాంగ్ షాట్ అయితే ఈ బాధ లేదు, మనసుకు నచ్చిన తెలుగు రాసుకోవచ్చు. అందుకే మంచి డబ్బింగ్ మాటలు ఎక్కువగా నటుడు అటు తిరిగినప్పుడే పడతాయి.

ఇప్పుడు అన్ని భాషల్లో ఒకేసారి రిలీజ్ అంటున్నారు కాబట్టి, ఎడిటింగ్ పూర్తికాని సినిమాకే మాటలు రాస్తున్నాం. రాసిన సీన్ ఎగిరిపోతుంది, లేని సీన్ వచ్చి పడుతుంది. విడుదలయ్యాక కూడా మార్పులు ఆగవు. 2024 సెప్టెంబరులో వచ్చిన 'మెయ్యళగన్' తమిళ వెర్షన్‌లో, థియేటర్లలో ఆడుతుండగానే, దాదాపు 18 నిమిషాలు తీసేశారు. ఇద్దరు మనుషులు రాత్రంతా మాట్లాడుకోవడమే ఆ సినిమా. అలాంటిదాన్లో కోత పడితే మాటల అల్లిక ఎక్కడ తెగుతుందో రాసేవాళ్ళకు తెలుసు.

అపోహ: యాసతో పనేంటి? మామూలు తెలుగులో రాస్తే అందరికీ అర్థమవుతుంది.

వాస్తవం: అర్థమవుతుంది, కానీ మనుషులు మారిపోతారు. తిరునెల్వేలి, మదురై, కోయంబత్తూరు, చెన్నై, ఎక్కడి మాట అక్కడిదే. అందరికీ ఒకే తెలుగు పెడితే ఆ ఊళ్ళన్నీ ఒకే ఊరవుతాయి. పోనీ మన యాసలు పెడదామంటే ఇంకో ప్రమాదం ఉంది. విలన్‌కి సీమ యాస, కామెడీకి శ్రీకాకుళం యాస అని మన సినిమాల్లోనే ఓ చెడ్డ అలవాటు ఉంది. దాన్ని తీసుకెళ్ళి తమిళ కూలీల నోట పెట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

'టూరిస్ట్ ఫ్యామిలీ' ఇంకా గట్టి పరీక్ష. అందులో శ్రీలంక తమిళం బయటపడితే దొరికిపోతాం అన్న భయమే కథ. తెలుగులో దానికి సరిసమానం ఏది? నాకు అలాంటి పని వస్తే హోసూరు, కృష్ణగిరి వైపు తెలుగు పెడతాను. తరాల తరబడి తమిళుల మధ్య ఉంటున్న తెలుగువాళ్ళది అది. మన చెవికి మనదే అనిపిస్తుంది, ఎక్కడో తేడా కొడుతుంది. కథకు కావలసింది కూడా అదే.

అపోహ: తమిళంలో ఎప్పుడూ కులం గొడవే. అవి వాళ్ళ సమస్యలు, మనకెందుకు?

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. దళితులను ఊచకోత కోసిన కారంచేడు (1985), చుండూరు (1991) ఎక్కడున్నాయి? 'జై భీమ్'కు ఆధారం 1990ల్లో తమిళనాడులో కురవర్ కులానికి చెందిన ఓ కుటుంబానికి పోలీసు లాకప్‌లో జరిగిన అన్యాయం. ఆ కేసు వాదించిన చంద్రు తర్వాత మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. తెలుగులో చూసినవాళ్ళకు అది పరాయి కథ అనిపించలేదు, ఎందుకంటే లాకప్ మన దగ్గర కూడా లాకప్పే. 'అసురన్' కథను తెలుగులో వెంకటేశ్‌తో 'నారప్ప'గా తీసినప్పుడు అనంతపురం వైపు నేలలో అది ఇమిడింది కదా. వాళ్ళు ఈ సంగతులు మాట్లాడుతున్నారు, మనం తక్కువగా మాట్లాడుతున్నాం, తేడా అంతే.

అపోహ: టైటిల్ మార్చకపోవడం తెలుగువాళ్ళంటే చిన్నచూపు.

వాస్తవం: సగం నిజం. అనుకున్న టైటిల్ అప్పటికే ఎవరో రిజిస్టర్ చేసుకుని ఉండొచ్చు, అన్ని భాషలకూ ఒకే పబ్లిసిటీ చేస్తే ఖర్చు తగ్గుతుంది. 'తంగలాన్' మనిషి పేరు, మార్చక్కర్లేదు. 'వలిమై' (బలం), 'వేట్టయన్' (వేటగాడు) మాత్రం అలాగే వదిలేయడం నాకు నచ్చలేదు. 'మెయ్యళగన్'ని 'సత్యం సుందరం' చేసినవాళ్ళకు ఉన్న శ్రద్ధ అందరికీ ఉంటే ఈ గొడవ ఉండదు.

అపోహ: గొంతు ఎవరిదైనా ఒకటే, ముఖం హీరోది కదా.

వాస్తవం: కార్తి తన తెలుగు తనే చెప్పుకుంటాడు, అందుకే మనవాడిలా కలిసిపోయాడు. రజనీకాంత్‌కు 'ముత్తు' నుంచి మనో గొంతు అలవాటైపోయింది. కమల్ హాసన్‌కు బాలుగారు చెబితే అది డబ్బింగ్ అని కూడా గుర్తుండేది కాదు. సూర్య, అజిత్, విక్రమ్‌లకు ఎన్నో సినిమాల్లో చెప్పిన శ్రీనివాసమూర్తిగారు 2023 జనవరిలో పోయారు. ఆ తర్వాత వాళ్ళ సినిమాలు తెలుగులో వింటే గొంతు మారిందని మామూలు ప్రేక్షకులకూ తెలిసిపోతోంది.