కళ్ల నుంచి నీళ్లు కారుతున్నా కన్ను పొడిబారిందంటారేం?

ఫ్యాన్ కింద కూర్చుంటే చాలు, నా కళ్ల నుంచి బొటబొటా నీళ్లు కారేవి. లోపల ఇసుక పడ్డట్టు గరగర. డాక్టరు చూసి "మీ కళ్లు పొడిబారాయి" అంటే నమ్మబుద్ధి కాలేదు. ఇన్ని నీళ్లు కారుతుంటే పొడి ఏమిటి?

కంటి మీద ఎప్పుడూ ఒక తడి పొర ఉంటుంది. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే మూడు, నాలుగు భాగాలంత మందం. అందులో అడుగున జిగురు, మధ్యలో నీరు, పైన పల్చటి నూనె. ఆ నూనె రెప్పల అంచుల్లో వరసగా ఉండే మైబోమియన్ గ్రంథుల నుంచి వస్తుంది. జర్మన్ వైద్యుడు హైన్‌రిష్ మైబోమ్ 1666లోనే వీటిని వర్ణించాడు. నూనె తగ్గితే నీరు త్వరగా ఆవిరైపోతుంది. కన్ను మండుతుంది, ఆ మంటకి నీటి గ్రంథి ఒక్కసారిగా నీళ్లు వదులుతుంది. కానీ అవి కంటి మీద నిలవవు, చెంపల మీదికి జారిపోతాయి.

నాకు తగ్గింది నీరా, నూనెా అని తేల్చడానికి ముందు కింది రెప్పకి సన్నటి కాగితం ముక్క తగిలించి 5 నిమిషాలు ఉంచారు. ఇది షిర్మర్ పరీక్ష, 1903 నుంచీ ఉంది. 5 మిల్లీమీటర్లు కూడా తడవకపోతే నీరే సరిగా ఊరడం లేదని అనుమానిస్తారు. నాది బాగానే తడిసింది. తర్వాత డాక్టరు రెప్ప అంచుని మెల్లగా నొక్కి అద్దంలో చూపించారు. వేరుశనగ నూనెలా తేటగా రావలసింది, టూత్‌పేస్టులా తెల్లగా, ముద్దగా వచ్చింది. అసలు సంగతి అప్పుడు అర్థమైంది. పొడి కళ్లతో వచ్చేవాళ్లలో చాలామందికి ఉండేది ఈ నూనె సమస్యే.

పేరుకున్న నెయ్యిని ఏం చేస్తాం? వెచ్చబెడతాం. ఇక్కడా అంతే. మూసిన రెప్పల మీద గోరువెచ్చటి గుడ్డ 5 నుంచి 10 నిమిషాలు. గుడ్డ ఇట్టే చల్లారిపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ ముంచాలి. తర్వాత పై రెప్పని కిందికి, కింది రెప్పని పైకి మెల్లగా నిమరాలి. రోజూ చేస్తేనే ఫలితం. స్క్రీన్ చూస్తున్నప్పుడు రెప్పపాటు బాగా తగ్గిపోతుంది, కొట్టినా సగమే మూసుకుంటుంది. నూనె బయటికి రావాలంటే రెప్ప పూర్తిగా పడాలి.

కంటిని తడిగా ఉంచే చుక్కల మందు రోజుకి నాలుగుసార్లకి మించి అవసరమైతే ప్రిజర్వేటివ్ (మందు పాడవకుండా కలిపే రసాయనం) లేనిది అడగండి. బెంజాల్కోనియం క్లోరైడ్ లాంటివి పదేపదే పడితే కంటి పైపొర దెబ్బతింటుంది. కంటిలో వాపుని తగ్గించే సైక్లోస్పోరిన్ చుక్కలు రాస్తే ఓపిక పట్టాలి. మొదట్లో మండుతుంది, గుణం తెలియడానికి వారాలు, నెలలు పడుతుంది. చేపనూనె మాత్రల మీద నాకూ ఆశ ఉండేది. 2018లో వచ్చిన డ్రీమ్ అనే పెద్ద అధ్యయనంలో, ఏడాదిపాటు వాటిని వాడినవాళ్లకి ఆలివ్ నూనె మాత్రలు వాడినవాళ్ల కంటే ఎక్కువ మేలు జరగలేదు.

నన్ను భయపెట్టేది మాత్రం, ఎరుపు తగ్గుతుందని మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనుక్కునే స్టెరాయిడ్ చుక్కలు. నెలల తరబడి వేసుకుంటే కంట్లో ఒత్తిడి పెరిగి, కంటి నరాన్ని దెబ్బతీసే గ్లకోమా రావచ్చు. అలా పోయిన చూపు తిరిగి రాదు.

డాక్టరు దగ్గరికి వాడుతున్న మందులన్నీ పట్టుకెళ్లండి. జలుబుకి వేసుకునే సెట్రిజిన్, మొటిమలకి వాడే ఐసోట్రెటినాయిన్ కూడా కళ్లని పొడిబారుస్తాయి. నోరు ఎండిపోతున్నా, కీళ్లు నొప్పిగా ఉన్నా అడగకపోయినా చెప్పండి. అది షోగ్రెన్ సిండ్రోమ్, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే కన్నీటి, లాలాజల గ్రంథుల మీద దాడి చేసే జబ్బు కావచ్చు, దానికి రక్తపరీక్షలు వేరే ఉంటాయి. తీవ్రమైన నొప్పి, వెలుగు చూడలేకపోవడం, చూపు ఉన్నట్టుండి మసకబారడం ఉంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే వెళ్లండి.