కరీంనగర్ జైరాజ్ బొంబాయి నటుడెందుకయ్యాడు

హైదరాబాద్ రవీంద్రభారతిలో పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ ఉంది. షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్లు తాము తీసినదాన్ని తొలిసారి పదిమందికీ చూపించుకునే చోటు అది. జైరాజ్ మూకీల (మాటల్లేని సినిమాల) కాలం నుంచి హిందీ సినిమాల్లో నటించిన కరీంనగర్ మనిషి. ఆ పేరు తెలిసినవాళ్లు చాలామందే ఉంటారు. ఆయన సినిమా ఒక్కటైనా చూశారా అని అడిగితే మాత్రం జవాబు చెప్పేవాళ్లు తక్కువ. తెలిసినవాళ్లలో కూడా కొందరు ఒక మాట అంటుంటారు: తెలుగువాడై ఉండి తెలుగులో చేయకుండా బొంబాయిలోనే ఉండిపోయాడు కదా, మనం గుర్తు పెట్టుకోవడానికి ఏముంది అని. ఈ మాట నాకు అన్యాయంగా అనిపిస్తుంది. జైరాజ్ పుట్టిన చోటు, పుట్టిన కాలం ఎలాంటివో చూస్తే ఆ మాట నిలబడదు.

ఆయన 1909 సెప్టెంబర్ 28న కరీంనగర్‌లో పుట్టారు. పూర్తి పేరు పైడిపాటి జైరుల నాయుడు. కరీంనగర్ అప్పుడు నిజాం ఏలుబడిలోని హైదరాబాద్ రాజ్యంలో ఉంది. ఆ రాజ్యంలో తెలుగు జిల్లాలతో పాటు ఔరంగాబాద్, నాందేడ్ లాంటి మరాఠీ జిల్లాలు, గుల్బర్గా వైపు కన్నడ జిల్లాలు ఉండేవి. ఇంట్లో ఏ భాష మాట్లాడినా సర్కారు కచేరీలో ఉర్దూయే. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ ఇంజనీరింగ్, మెడిసిన్‌తో సహా అన్నీ ఉర్దూలోనే చెప్పింది. చదువుకున్న తెలంగాణ కుర్రాడికి ఉర్దూ పరాయి భాష కాదు, బతుకుదెరువు భాష.

ఇక సినిమా సంగతి. హైదరాబాద్‌లో సినిమా పుట్టలేదని చాలామంది అనుకుంటారు. పుట్టింది. బెంగాలీ నటుడు, దర్శకుడు ధీరేన్ గంగూలీ 1922లో హైదరాబాద్‌లో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టారు. నిజాం ప్రోత్సాహంతో ఇక్కడే మూకీలు తీశారు, థియేటర్లు నడిపారు. 1924లో బొంబాయిలో తయారైన 'రజియా బేగం' అనే సినిమాను ఆయన తన హాల్లో ఆడించారు. ఢిల్లీని ఏలిన ముస్లిం రాణికి, హిందువుకి మధ్య ప్రేమ అందులో కథ. నిజాంకు కోపం వచ్చింది. గంగూలీని రాజ్యం విడిచి వెళ్లమన్నారు. లోటస్ మూతపడింది. అలా ఇక్కడ మొలకెత్తిన సినిమా రెండేళ్లకే వాడిపోయింది. జైరాజ్‌కి అప్పటికి పదిహేనేళ్లు.

ఆ మొక్క బతికి ఉంటే ఏమయ్యేదో ఎవరం చెప్పగలం? కానీ జైరాజ్ ఊరు విడిచి బొంబాయి వెళ్లారని నిందించే ముందు, ఇరవై ఏళ్ల వయసులో ఆయనకు సొంత రాజ్యంలో తలుపు తట్టడానికి ఒక్క స్టూడియో కూడా లేదని గుర్తుంచుకోవాలి. మద్రాసు ఉంది కదా అంటారు. నిజమే. అక్కడ రఘుపతి వెంకయ్య లాంటి సినిమావాళ్లు అప్పటికే మూకీలతో పని మొదలుపెట్టారు. అయితే మద్రాసు ప్రెసిడెన్సీ బ్రిటిష్ ఇండియా. అక్కడ అవకాశాలు కోస్తా జిల్లాల వాళ్ల చేతికి ముందు అందేవి, వాళ్ల నాటక సమాజాలు, పరిచయాలు, డబ్బు అన్నీ అటే. పైగా 1929లో తెలుగు మాట్లాడే సినిమా అనేదే లేదు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' వచ్చింది 1932లో, అదీ బొంబాయిలో తీసినదే. లేని తెలుగు సినిమాను వదిలిపెట్టి వెళ్లాడని ఒక మనిషి మీద నేరం మోపడం ఏం న్యాయం?

జైరాజ్ బొంబాయి చేరింది 1929 ప్రాంతంలో. ఆ ఏడాదే వచ్చిన 'జగమగతీ జవానీ' ఆయన తొలి సినిమాల్లో ఒకటి. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. మూకీ సినిమాకు కావాల్సింది అదే. కత్తి తిప్పాలి, గుర్రం ఎక్కాలి, గోడ దూకాలి, కళ్లతో కోపం చూపించాలి. డైలాగ్‌తో పని లేదు.

1931 మార్చిలో మన దేశపు తొలి టాకీ 'ఆలం ఆరా' వచ్చాక పరిస్థితి తలకిందులైంది. అప్పటిదాకా స్టార్లుగా వెలిగినవాళ్లలో కొందరికి హిందుస్తానీ (హిందీ, ఉర్దూ కలగలిసిన వాడుక భాష) సరిగా పలకక టెన్షన్ పట్టుకుంది. సులోచన అనే పేరుతో మూకీల్లో రాణిలా ఏలిన రూబీ మేయర్స్ అంతటి ఆమె కూడా భాష నేర్చుకోవడానికి విరామం తీసుకోవాల్సి వచ్చింది. జైరాజ్ మాత్రం 1932లో 'షికారీ'తో టాకీల్లోకి నడిచి వెళ్లిపోయారు. హైదరాబాద్ రాజ్యంలో పెరిగినవాడికి ఉర్దూ పలకడానికి ట్రైనింగ్ ఎందుకు? కచేరీలో, బడిలో, బజారులో విన్న భాష ఆయన్ని ఆ గండం నుంచి గట్టెక్కించిందని నా నమ్మకం. తర్వాత ఇదే హైదరాబాద్ నుంచి అజిత్ కూడా వెళ్లి హిందీలో పేరు తెచ్చుకున్నారు. అది ఇద్దరి కథే కాదు, ఒక తరం నడిచిన దారి.

1938లో బాంబే టాకీస్ తీసిన 'భాభీ'లో జైరాజ్ హీరో. దర్శకుడు జర్మనీ నుంచి వచ్చిన ఫ్రాంజ్ ఆస్టెన్. 1943లో 'హమారీ బాత్'లో అప్పటి పెద్ద హీరోయిన్ దేవికారాణి పక్కన నటించారు. ఆమె నటించిన చివరి సినిమా అదే. రాజ్‌కపూర్ అప్పటికి చిన్న వేషాలు వేస్తున్న కుర్రాడు, ఆ సినిమాలో ఆయనా ఉన్నారు. రెండేళ్ల తర్వాత జైరాజ్ దర్శకుడి కుర్చీలో కూర్చుని 'ప్రతిమ' తీశారు. అందులో హీరో దిలీప్‌కుమార్, ఆయనకది రెండో సినిమా. దిలీప్‌కుమార్ గురించి పేజీలకు పేజీలు రాసే మనం, ఆయన్ని తొలినాళ్లలో డైరెక్ట్ చేసినవారిలో కరీంనగర్ మనిషి ఒకరున్నారని ఒక్క వాక్యం రాసుకోలేదు. 1951లో నర్గీస్ హీరోయిన్‌గా 'సాగర్' కూడా జైరాజే నిర్మించి, దర్శకత్వం వహించారు.

ఆయన్ని ఉత్తరాది ప్రేక్షకులు ఎక్కువగా గుర్తుపెట్టుకున్నది చారిత్రక పాత్రల్లో. నడివయసులో, చాలామంది హీరోలు తండ్రి వేషాలకు మారే వయసులో, ఆయన కిరీటం పెట్టుకున్నారు. 1957లో అమర్‌సింగ్ రాథోడ్, 1959లో పృథ్వీరాజ్ చౌహాన్, అదే ఏడాది టిప్పు సుల్తాన్, 1961లో 'జై చిత్తోడ్'లో రాణా ప్రతాప్, 1963లో చంద్రశేఖర్ ఆజాద్. వీటికి ముందే 1956లో హోమీ వాడియా తీసిన 'హాతింతాయ్'. మూకీల రోజుల్లో నేర్చుకున్న కత్తి, గుర్రం ముప్పై ఏళ్ల తర్వాత కూడా అన్నం పెట్టాయి. రాజపుత్ర రాజునూ మైసూరు సుల్తాన్‌నూ ఒకే ఏడాది వేసి, రెంటినీ జనం చేత ఒప్పించడం చిన్న విషయం కాదు. ఈ జాబితాలోనే 1961 నాటి 'రజియా సుల్తానా' కూడా ఉంది. ఏ రజియా కథ వల్ల 1924లో హైదరాబాద్ సినిమా మూతపడిందో, అదే రాణి కథలో అదే రాజ్యం నుంచి వెళ్లిన మనిషి బొంబాయిలో నటించారు. ఆ పోలిక తట్టినప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది.

పూర్తిగా హైదరాబాద్‌లో తీసిన తొలి తెలుగు సినిమాగా చెప్పే 'మా ఇంటి మహాలక్ష్మి' సారథీ స్టూడియో నుంచి వచ్చింది 1959లో. అప్పటికి జైరాజ్‌కి యాభై ఏళ్లు. ఆయన బొంబాయిలో ఇల్లూ వాకిలీ ఏర్పరచుకుని మూడు దశాబ్దాలైంది. సొంత గడ్డ మీద సినిమా లేచి నిలబడేసరికి ఆయన హీరో వయసు దాటుతోంది. తెలుగు పరిశ్రమ ఆ తర్వాతైనా ఒక మంచి పాత్ర ఇచ్చి పిలిచి ఉంటే బాగుండేదని అనిపిస్తుంది.

1960లు గడిచేకొద్దీ చారిత్రక సినిమాలు తగ్గాయి. జైరాజ్ చిన్న పాత్రలకు మారారు. 'షోలే'లో పోలీస్ కమిషనర్ ఆయనే. ఆ సినిమాను పదిసార్లు చూసినవాళ్లు కూడా ఆయన్ని చూశారు, పేరు మాత్రం తెలియదు.

1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు జైరాజ్‌కు ఇచ్చారు. తెలుగువారిలో అంతకుముందు 1974కి దర్శకుడు బి.ఎన్.రెడ్డి అందుకున్నారు, తర్వాత 1982కి ఎల్.వి.ప్రసాద్, 1990కి అక్కినేని. అంటే నటుడిగా ఆ గౌరవం పొందిన తొలి తెలుగువాడు జైరాజే. హైదరాబాద్ నుంచి వెళ్లగొట్టించుకున్న ధీరేన్ గంగూలీకి 1975 అవార్డు దక్కింది. తొలి అవార్డు, 1969ది, దేవికారాణిది.

2000 ఆగస్టు 11న ముంబైలో జైరాజ్ కన్నుమూశారు. మరుపుకి ఇంకో కారణం కూడా ఉంది. మన దేశంలో 1,300 దాకా మూకీలు తీస్తే పూర్తిగానో ముక్కలుగానో మిగిలినవి ముప్పై దరిదాపుల్లోనే. రీళ్లు కాలిపోయాయి, కుళ్లిపోయాయి, వెండి కోసం కరిగించేశారు. చూడటానికి ఏమీ మిగలని పనిని తలుచుకోవడం కష్టమే. కానీ 1950ల సినిమాలు కొన్ని ఉన్నాయి. ఆయన పేరున్న ఆ థియేటర్‌లో ఏటా సెప్టెంబర్ 28న వాటిలో ఒకటి వేస్తే, కరీంనగర్‌లో కూడా అదే రోజు ఒక ఆట వేస్తే ఎంత బాగుంటుంది. 'హాతింతాయ్'తో మొదలుపెట్టవచ్చు. పిల్లలు కూడా కూర్చుని చూస్తారు.