రేడియేషన్ దుష్ప్రభావాలు, నర్సుల సన్నద్ధత: అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో రేడియేషన్ విభాగంలో నర్సుగా పనిచేస్తున్న నాకు, ఉదయగిరి, కనిగిరి, పొదిలి వైపుల నుంచి వచ్చే రోగుల మాటల్లోనూ, కొందరు తోటి నర్సుల మాటల్లోనూ తరచుగా వినిపించే నమ్మకాలు ఇవి.

అపోహ: కరెంటు (రేడియేషన్ చికిత్సను రోగులు ఇలాగే అంటారు) పెట్టించుకున్న మనిషి దగ్గరికి పిల్లలు, గర్భిణులు వెళ్లకూడదు.

వాస్తవం: బయటి నుంచి యంత్రంతో ఇచ్చే రేడియేషన్ యంత్రం ఆగగానే ఆగిపోతుంది, ఒంట్లో ఏమీ మిగలదు. థైరాయిడ్ జబ్బులకు లోపలికి ఇచ్చే రేడియోధార్మిక మందు, రేడియో అయోడిన్ తీసుకున్నవారికి మాత్రం కొన్నాళ్లు వేరే జాగ్రత్తలు ఉంటాయి.

అపోహ: దుష్ప్రభావాలు డాక్టర్లు చూసుకుంటారు, నర్సు వాళ్లు రాసిన మందు ఇస్తే చాలు.

వాస్తవం: తల, మెడ క్యాన్సర్లకు సాధారణంగా వారానికి 5 రోజుల చొప్పున 6 నుంచి 7 వారాలు చికిత్స సాగుతుంది. రెండు, మూడు వారాలకు నోరు ఎర్రబడి పుండ్లు పడతాయి. “తింటున్నారా” అని అడిగితే మన పెద్దవాళ్లు “తింటున్నానమ్మా” అనే అంటారు కనుక, కారం ఎప్పుడు మానేశారు, సంగటి ముద్ద దిగుతోందా, మజ్జిగతోనే సరిపెడుతున్నారా అని విడివిడిగా అడగాలి, టార్చి వేసి బుగ్గల లోపల, నాలుక కింద చూడాలి, వారం వారం బరువు తూచి రాయాలి. నోటి పుండ్ల తీవ్రతకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన కొలమానం ప్రకారం పుండ్లున్నా గట్టి ఆహారం తినగలిగితే గ్రేడు 2, ద్రవాలే దిగితే 3, నోటితో ఏదీ తీసుకోలేకపోతే 4. ఆ అంకె కేసు షీటులో ఉంటేనే 2 నుంచి 3కు దిగజారడం డాక్టరు కంట పడుతుంది, నొప్పి మందు పెంచడమో ఆహారం కోసం ముక్కు గొట్టం వేయడమో సకాలంలో జరుగుతుంది. లేకపోతే రోగి బాధ ఓర్వలేక మధ్యలో మానేస్తాడు, ఆ విరామం పెరిగేకొద్దీ గడ్డ అదుపులోకి వచ్చే అవకాశం తగ్గుతుంది. నర్సింగ్ కోర్సులో ఇదంతా పుస్తకంలో చదివితే చాలదని, రోగి నోటిని చూసి గ్రేడు వేయడం చేతితో నేర్పించాలని నా గట్టి అభిప్రాయం.

అపోహ: కరెంటు పెట్టిన చోట నీళ్లు తగలకూడదు, పసుపు రాస్తే మంట తగ్గుతుంది.

వాస్తవం: గోరువెచ్చని నీళ్లతో, ఘాటు లేని సబ్బుతో మెల్లగా కడిగి, మెత్తని నూలుగుడ్డతో అద్దుకోవచ్చు. రేడియేషన్ ఎక్కడ ఇవ్వాలో గుర్తుగా వేసిన గీతలు చెరగకుండా చూసుకోవాలి. పసుపు పూస్తే చర్మం ఎంత ఎర్రబడిందో మాకు తెలియదు. మెడ మడతల్లో చర్మం చిట్లి నీరు కారుతుంటే సొంతంగా ఏ పూతా వేయకుండా చూపించాలి.

అపోహ: చివరి సిట్టింగుతో (ఒక్కోసారి ఇచ్చే రేడియేషన్‌ను సిట్టింగు అంటారు) బాధలు తీరిపోతాయి.

వాస్తవం: నన్ను అన్నిటికంటే కలవరపెట్టే అపోహ ఇది. చర్మం, నోటి బాధలు చికిత్స ముగిశాక మరో వారం, రెండు వారాల వరకు పెరగవచ్చు. అప్పటికి రోగి ఊళ్లో ఉంటాడు, అతన్ని మొదట చూసేది విలేజ్ హెల్త్ క్లినిక్‌లోని నర్సే. ఏ భాగానికి ఎన్ని సిట్టింగులు ఇచ్చారో, ఏ లక్షణానికి వెంటనే పంపాలో డిశ్చార్జి కాగితంలో తెలుగులో రాసి పంపితే ఆమె చేతికి ఆధారం దొరుకుతుంది. రేడియేషన్‌తో పాటు కీమో కూడా తీసుకున్న వ్యక్తికి 100.4 డిగ్రీల జ్వరం వస్తే పారాసెటమాల్ ఇచ్చి ఇంటికి పంపకూడదు, అదే రోజు ఆసుపత్రికి పంపాలి. దవడకు రేడియేషన్ తీసుకున్నవారు ఏళ్లు గడిచినా పన్ను పీకించుకునే ముందు ఆ సంగతి దంతవైద్యుడికి చెప్పి తీరాలి, ఎందుకంటే ఆ ఎముకకు రక్తప్రసరణ తగ్గి గాయం మానకపోయే ప్రమాదం ఉంటుంది.