గొంతు బాగుంటే చాలా? రేడియో ప్రోగ్రామింగ్‌పై అపోహలు - వాస్తవాలు

విజయవాడలో ఎఫ్‌ఎం ప్రోగ్రామింగ్ నా పని. కొత్తగా చేరే ఆర్‌జేలకు, ప్రొడ్యూసర్లకు పని నేర్పేదీ నేనే. ఇంటర్వ్యూకి వచ్చే పిల్లల నుంచి యాడ్లు ఇచ్చే బీసెంట్ రోడ్ షాపుల వాళ్ల దాకా చాలామంది నమ్మే మాటలు కొన్నున్నాయి. వాటి వల్లే మంచి టాలెంట్ ఉన్న పిల్లలు కూడా వెనకబడిపోతున్నారని నా బాధ.

అపోహ: గొంతు బాగుండి గలగలా మాట్లాడితే ఆర్‌జే అయిపోవచ్చు.

వాస్తవం: మంచి గొంతు ఉపయోగమే, కాదనను. కానీ షో మొదటి నుంచి చివరిదాకా వినేవాళ్లు చాలా తక్కువ. గొల్లపూడిలో కారెక్కి రేడియో ఆన్ చేసినాయన బెంజి సర్కిల్ దాటాక ఆపేస్తాడు. అంతకుముందు మీరేం చెప్పారో ఆయనకు తెలియదు. అందుకే ప్రతి లింకూ, అంటే పాటల మధ్య ఆర్‌జే చెప్పే మాట, దానికదే నిలబడాలి.

ఈ లింకు చూడండి: "హాయ్ హలో నమస్తే విజయవాడ! ఎలా ఉన్నారు, టిఫిన్లు అయ్యాయా, ఎండలు ఎలా మండుతున్నాయో చూశారా, ఇంకో మంచి పాట వినేద్దామా!" హుషారుగానే ఉంది, కానీ వినేవాళ్ల చేతికి ఏమీ అందలేదు. అదే చోట ఇలా చెప్పొచ్చు: "ఏడు నలభై. వారధి మీద లారీ ఆగిపోయింది. గుంటూరు వెళ్లేవాళ్లు పది నిమిషాలు ముందే బయల్దేరండి. టెన్త్ రిజల్ట్స్ ఎన్నింటికో ఈ పాట అయ్యాక చెప్తాను." టైమ్, పనికొచ్చే ఒక్క విషయం, ఆపకుండా ఉండటానికి ఒక కారణం. అంతే. పాట ఇంట్రో (పల్లవికి ముందు వచ్చే సంగీతం) మీద మాట్లాడుతుంటే, అది 14 సెకన్లైతే పదమూడో సెకనుకల్లా మాట పూర్తవ్వాలి. పల్లవి మీద మాట పడితే పాటా పోతుంది, మాటా పోతుంది. ఇది స్టాప్‌వాచ్ పెట్టుకుని నేర్చుకోవాల్సిన విద్య.

అపోహ: వేసిన పాటలే వేస్తే జనం విసిగిపోతారు.

వాస్తవం: అభిమాన పాట కోసమే చాలామంది స్టేషన్ మారుస్తారు. జ్యూక్‌బాక్స్‌లో (నాణెం వేస్తే కోరిన పాట వినిపించే పెట్టె) జనం డబ్బులు పెట్టి మరీ అవే కొన్ని పాటలు వింటున్నారని గమనించిన రేడియో స్టేషన్ యజమాని టాడ్ స్టార్జ్, 1950ల్లో అమెరికాలోని ఒమాహాలో టాప్ 40 పద్ధతికి, అంటే కొన్ని హిట్ పాటల్నే మళ్లీ మళ్లీ వేయడానికి, దారి వేశారు. అసలు విసుగు పుట్టేది లెక్క తప్పినప్పుడు.

పెద్ద హిట్లకు గంటకు మూడు స్లాట్లు ఇచ్చారనుకోండి. రోజుకి 72 స్లాట్లు. హిట్లు ఆరే ఉంటే 72ని ఆరు నిశ్శేషంగా భాగిస్తుంది కాబట్టి ఒక్కో పాట సరిగ్గా రెండు గంటలకోసారి వస్తుంది. అంటే రోజూ ఉదయం 8:10కి ఆఫీసుకి బయల్దేరే మనిషి రోజూ అదే పాట వింటాడు. "ఎప్పుడు పెట్టినా ఇదే పాట" అని ఆయన తిట్టుకోవడంలో తప్పు లేదు. ఎనిమిది, తొమ్మిది పెట్టినా ఇదే చిక్కు. ఏడు పెడితే ఒక్కో పాట రెండు గంటల ఇరవై నిమిషాలకోసారి తిరుగుతుంది, మర్నాడు అదే టైమ్‌కి వేరే పాట పడుతుంది, మళ్లీ అదే పాట అదే చోటికి రావడానికి వారం పడుతుంది. పెరిగింది ఒక్క పాటే. ఆటోనగర్ షెడ్లలో రోజంతా రేడియో మోగుతూనే ఉంటుంది, వాళ్లకి ఇది కాస్త భారమే. వాళ్ల కోసం మధ్యాహ్నం గంటల్లో పాత పాటల వాటా పెంచుతాం.

అపోహ: ఏ పాట ఎప్పుడు వేయాలో అంతా సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది.

వాస్తవం: మీరు రాసిచ్చిన రూల్నే అది పాటిస్తుంది. ఒకే గాయకుడి పాటల మధ్య గంట ఎడం అని గుడ్డిగా పెట్టండి. ఎనభైల పాటల షోలో గంటకి ఒక్క బాలు పాటే పడుతుంది, మిగతా స్లాట్లు ఖాళీగా కనిపిస్తాయి. మన పాటలకు గాయకుడి ఎడం తగ్గించి, సినిమా ఎడం, సంగీత దర్శకుడి ఎడం పెంచుకోవాలి. ఈ తెలివి మనిషి పెట్టాల్సిందే.

అపోహ: వాట్సాప్ మెసేజ్‌లు ఎన్ని వస్తే షో అంత హిట్.

వాస్తవం: మెసేజ్ పెట్టేది కొద్దిమందే. చాలాసార్లు వాళ్లే మళ్లీ మళ్లీ పెడతారు. ఆ కొద్దిమంది కోసం షో నడిపితే మౌనంగా వినేవాళ్లు జారిపోతారు.

అపోహ: ఆకాశవాణి పద్ధతులు పాతబడ్డాయి, ఎఫ్‌ఎంకి పనికిరావు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు నిజంగా కష్టమేస్తుంది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. పొద్దున్నే భక్తిరంజని, ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ ప్రవచనం కోసం ఇళ్లలో పనులు సర్దుకుని కూర్చునేవాళ్లు. చెప్పిన టైమ్‌కి చెప్పిన కార్యక్రమం రావడం, క్యూ షీట్ (ఏది ఎప్పుడు రావాలో రాసుకునే కాగితం) ముందే రాసుకోవడం, మైక్ ముందు స్క్రిప్టు లేకుండా కూర్చోకపోవడం: ఇవాళ ఏ ఎఫ్‌ఎం స్టేషన్ నడవాలన్నా ఇవే కావాలి.

ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్లు ముందు ఒక పని చేయండి. ఏదైనా స్టేషన్ ఒక గంట వినండి, పక్కన వాచీ పెట్టుకుని నిమిషం నిమిషం రాయండి. ఏ పాట ఎప్పుడు పడింది, ఆర్‌జే ఎన్ని సెకన్లు మాట్లాడారు, యాడ్స్ బ్రేక్ ఏ నిమిషానికి వచ్చింది, బ్రేక్‌కి ముందు ఏం చెప్పి ఆపారు. మర్నాడు అదే గంట మళ్లీ విని, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ స్టేషన్ క్లాక్, అంటే గంటలో ఏ నిమిషానికి ఏం రావాలో చెప్పే ప్లాన్, మీ చేతికి వచ్చేస్తుంది.