నల్ల కంకర ఎక్కడిది?

కోనసీమలో ఎంత తవ్వినా ఇసుక, ఒండ్రు, బంకమన్నే తప్ప రాయి తగలదు. ఇల్లు కట్టాలన్నా, రోడ్డు వేయాలన్నా కంకర లారీ మెరక నుంచి రావాల్సిందే. గౌరీపట్నం, పంగిడి క్వారీల నల్లరాయి అలా వచ్చేదే. భూమి లోపలి పొరల గురించి చెప్పమంటే నేను ఆ రాయి దగ్గరే మొదలుపెడతాను.

ముందు మన కాళ్ల కింది సంగతి. డెల్టా అడుగున నదులు, సముద్రం పేర్చిన మట్టి కొన్ని కిలోమీటర్ల మందం ఉంది. నర్సాపురం, రాజోలు వైపు చమురు, గ్యాస్ దొరికేది ఆ పొరల్లోనే. ఇదంతా భూమి పై పెంకులో, అంటే భూపటలంలో పైపై భాగం మాత్రమే. ఖండాల కింద భూపటలం మందం సగటున 35 కిలోమీటర్లు. మనిషి తవ్విన అతిలోతైన బోరు రష్యాలోని కోలా ద్వీపకల్పంలో ఉంది. దాని లోతు 12,262 మీటర్లు. అక్కడి వేడి 180 డిగ్రీలు దాటడంతో పని ఆపేశారు. భూకేంద్రం 6,371 కిలోమీటర్ల కింద ఉంది మరి!

భూపటలం కింద లావా సముద్రం ఉంటుందని చాలామంది అనుకుంటారు. పాఠ్యపుస్తకాల్లో ఆ పొరకు ఎర్ర రంగు వేయడం వల్ల వచ్చిన తంటా ఇది. నిజానికి ప్రావారం (మాంటిల్) అనే ఆ పొర దాదాపు 2,900 కిలోమీటర్ల లోతు వరకు గట్టి రాయే. సిలికాన్, ఆక్సిజన్‌లతో మెగ్నీషియం, ఇనుము కలిసిన ఖనిజాలు అందులో ఉంటాయి. పైభాగంలో ఎక్కువగా ఉండేది ఆలివిన్ అనే ఆకుపచ్చ ఖనిజం. గట్టిదే అయినా ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున మెల్లగా కదులుతూ ఉంటుంది.

గట్టిరాయి అయితే లావా ఎలా పుట్టింది? ప్రెషర్ కుక్కర్లో నీళ్లు 100 డిగ్రీలు దాటినా పూర్తిగా ఆవిరైపోవు, ఒత్తిడి తగ్గగానే ఒక్కసారిగా మరుగుతాయి. లోతు నుంచి పైకి జరిగే వేడి రాయికీ అంతే, మీద బరువు తగ్గేకొద్దీ అందులో కొంత భాగం కరుగుతుంది. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల క్రితం అలా కరిగిన రాయి పడమటి దక్కనులో బీటల గుండా పొంగి, పాత నదీలోయల వెంబడి సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి, రాజమండ్రి ప్రాంతంలో గడ్డకట్టిందని భూవిజ్ఞానుల అంచనా. కాతేరు, పంగిడి దగ్గర బయటపడ్డ బసాల్ట్ అనే నల్లరాయి అదే. ఆ కాలపు బసాల్టే మన డెల్టా మట్టి కింద లోతున ఉంది, చమురు బావుల్లో తగులుతుంది. భూవిజ్ఞానులు దాన్ని రాజోలు పేరుతోనే పిలుస్తారు. రాయి లేదని మనం అనుకునే సీమ కిందే అంత రాయి!

ప్రావారం కింద ఏముందో చూడటానికి బోరు పనికిరాదు, భూకంపాలే దారి. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసిన రిచర్డ్ ఓల్డ్‌హామ్ 1897 అస్సాం భూకంపాన్ని పరిశోధించి, దాని తరంగాల్లో రకాలను వేరుచేశాడు. భూమికి వేరే కేంద్రభాగం ఉందని 1906లో తరంగాల ఆధారంగానే చూపించాడు. భూకంప తరంగాల్లో ఎస్ తరంగాలనే రకం ద్రవంలో సాగదు. అవి ఆ భాగాన్ని దాటి రావడం లేదు కాబట్టి అక్కడ ఉన్నది ద్రవమని 1926లో హెరాల్డ్ జెఫ్రీస్ తేల్చాడు. ఆ ద్రవంలో ఎక్కువ భాగం ఇనుము, కొంత నికెల్. దాని నడుమ ఇంకో గట్టి గుండు ఉన్నట్టు 1936లో ఇంగె లెహ్మాన్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త గుర్తించింది. దాని వ్యాసార్ధం సుమారు 1,220 కిలోమీటర్లు. వేడి 5,000 డిగ్రీలు దాటినా అది కరగకపోవడానికి కారణం ఒత్తిడే.

ఆ గట్టి గుండు చుట్టూ ఉన్న బయటి కేంద్రంలో సుడులు తిరిగే ఇనుప ద్రవమే భూమికి అయస్కాంత శక్తినిస్తుంది. లావా చల్లారేటప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు అప్పటి అయస్కాంత దిశను పట్టి ఉంచుకుంటాయి. రాజమండ్రి బసాల్ట్‌లో కింది పొర, పై పొర దిశలు ఒకదానికొకటి ఎదురు. ఆ రెంటి మధ్య సున్నపురాయి, మట్టి పేరుకునేలోపు భూమి ధ్రువాలు తారుమారయ్యాయి. కింది పొర చల్లారిన నాడు ఇక్కడ దిక్సూచి పెట్టి ఉంటే, ఉత్తరం చూపాల్సిన ముల్లు దక్షిణం చూపేది.